బిడ్డ వయసు అడిగిన పేజీ

అక్టోబరు 12, ఆదివారం

ప్రియమైన వదినకు,

నీ పిచ్చుక నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయడం పద్ధతి. ఈ కొన్ని నెలలుగా నేను చేస్తున్నది అలా తలుచుకుని ఊరుకోవడమే కాబట్టి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నీ సంగతులు అన్నయ్య చెబుతూనే ఉన్నాడు. మళ్ళీ స్కూలుకి వెళ్తున్నావని, పదో తరగతికి లెక్కలు నువ్వే చెబుతున్నావని, పిల్లలు నిన్ను చూడగానే గొడవ ఆపేస్తున్నారని విన్నాను. గొడవ చేస్తేనే బాగుండునని నువ్వన్నావట.

ఒకే ఊళ్ళో ఉండి, రెండు బస్సులు మారితే వచ్చే ఇంటికి ఉత్తరమేమిటని నవ్వుతావేమో. నవ్వితే నాకు సంతోషం. ఫోన్ చేస్తే నువ్వు వెంటనే "ఏం పర్లేదులే పిచ్చుకా" అంటావు. ఆ మాట వినబడ్డాక నాకిక నోరు పెగలదు. మెసేజ్ పెడితే నువ్వు చదివినట్టు నాకు తెలిసిపోతుంది, జవాబివ్వాలన్న మొహమాటం నీకు మొదలవుతుంది. ఉత్తరమైతే నీ చేతిలో ఉంటుంది. చదివి పక్కన పెట్టొచ్చు, చదవకుండానూ పెట్టొచ్చు.

ముందు ఇంటి కబుర్లు. అమ్మ మోకాలు కాస్త నయం. రోజూ నడవమన్నారని నడుస్తోంది, కాకపోతే పక్కింటి టీవీ దాకానే. మా ఆయన వంట నేర్చుకుంటున్నాడు. రుచి సంగతి అడక్కు. ఆకలి రుచెరగదన్న ఒక్క ధైర్యంతో గరిటె పట్టుకున్నాడు. మా ఆఫీసుని ఆసుపత్రి వెనక్కి, దుప్పట్లు ఉతికే గది పక్కకి మార్చారు. ఎప్పుడూ ఉడికిన గుడ్డల వాసన, గోడ అవతల యంత్రం రొద. కిటికీ తెరిస్తే ఆవిరి, మూస్తే ఉక్క.

ఇక అసలు సంగతి. ఇది చెప్పాలంటే నా పనేమిటో మొదటినుంచీ చెప్పాలి. నువ్వెప్పుడూ "కంప్యూటర్లో ఏదో సర్దుతుంది" అని నన్ను ఏడిపిస్తావు. అది నిజమే, నేను సర్దేదాన్నే.

నువ్వు కొత్తగా మా ఇంటికొచ్చినప్పుడు అమ్మ వంటగది గుర్తుందా? పంచదార అని రాసిన డబ్బాలో సూదులూ దారాలూ, టీ పొడి డబ్బాలో తలనొప్పి మాత్రలు, పంచదారేమో పేరు లేని సీసాలో. మాకెవరికీ ఇబ్బంది లేదు, పుట్టి పెరిగిన ఇల్లు కదా. నువ్వు మాత్రం అడగడానికి మొహమాటపడి చాలా రోజులు చప్పిడి టీ తాగావు. మా ఆసుపత్రి వెబ్‌సైట్ కూడా సరిగ్గా అలాగే ఉండేది. ఒక్కో విభాగం డాక్టర్లు వాళ్ళకి తోచిన పేర్లతో వాళ్ళ పేజీలు పెట్టుకున్నారు. వాళ్ళకి అన్నీ కళ్ళు మూసుకుని దొరుకుతాయి. బయటినుంచి వచ్చినవాళ్ళకి ఏదీ దొరకదు. చెవిపోటుకి ఎవరిని కలవాలో తెలియక జనం ఫోన్లు చేసేవాళ్ళు. జవాబులు చెప్పి చెప్పి కింద కౌంటర్‌లో అమ్మాయికి గొంతు పోయేది.

దాన్నంతా కొత్తగా వర్గాలు చేసి, వెతికేవాళ్ళకి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెయ్యమని నాకు అప్పగించారు. కిందటి చలికాలమంతా అదే పని. ఒక్కో పేజీ పేరు ఒక్కో అట్టముక్క మీద రాసి, బల్ల మీద పరిచి, వేచి ఉండే హాల్లోంచి మనుషుల్ని పిలిచేవాళ్ళం. "మీకు ఏవేవి కలిసి ఉండాలనిపిస్తే అవి ఒక కుప్పగా పెట్టండి" అనేదాన్ని. ఒక పెద్దాయన పళ్ళ డాక్టరునీ క్యాంటీన్‌నీ ఒకే కుప్పలో పెట్టాడు. ఎందుకండీ అంటే, "పళ్ళుంటేనే కదమ్మా తినేది" అన్నాడు. మేం నవ్వాం, ఆయనా నవ్వాడు. ఎక్కువమంది ఎలా సర్దితే అలా సైట్లో సర్దాలి. అదీ మా పద్ధతి. జనం బుర్రలో ఉన్న అమరికనే తెర మీదికి తేవడం. పద్ధతి మంచిదే వదినా, దాన్ని నేనిప్పటికీ తప్పు పట్టను.

ఆ అట్టముక్కల్లో "బిడ్డ దక్కని తల్లిదండ్రులకు" అన్నది ఒకటి. దాదాపు అందరూ దాన్ని తీసి ప్రసవం కుప్పలో, అడుగున పెట్టారు. కొందరు చదివి ముఖం చిట్లించి గబగబా పెట్టేశారు. భార్య రక్తపరీక్ష కాయితాల కోసం వచ్చిన ఒకాయన మాత్రం దాన్ని చేతిలోనే పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత బల్ల చివర ఒంటరిగా పెట్టాడు. "దీన్ని ఎందులో కలపమంటారండీ?" అని అడిగాను. "దేంట్లోనూ కలపకండి" అని లేచి వెళ్ళిపోయాడు.

నేను ఆయన వెనక వెళ్ళలేదు. ఎందుకన్నారని అడగలేదు. "తేల్చలేదు" అని రాసుకుని తరవాతి మనిషిని పిలిచాను. ఆ బాధ రానివాళ్ళే లోకంలో ఎక్కువమంది ఉంటారు కదా. వాళ్ళ లెక్క చూసి, వచ్చినవాళ్ళ చోటు నిర్ణయించాను. ఇప్పుడిలా రాస్తుంటే ఇంత చిన్న విషయం తట్టలేదా అనిపిస్తోంది. నిజం చెప్పనా, తట్టింది. నువ్వప్పుడు ఏడో నెలలో ఉన్నావు. ఆ అట్టముక్క చేత్తో ముట్టుకోవడానికే నాకు భయమేసింది. ఇంట్లో మనిషి కడుపుతో ఉండగా ఆ సంగతి గురించి ఆలోచించడమేమిటని, ఎంత త్వరగా దాన్ని అడుగున పడేస్తే అంత మంచిదనుకున్నాను. మీటింగులో ప్రసూతి విభాగం పెద్ద డాక్టరమ్మ "ఇది ఎక్కడ పెట్టారు?" అంటే, "ప్రసవం కిందేనండీ, టీకాల తర్వాత. లెక్క అలాగే వచ్చింది" అన్నాను. ఆవిడ తలూపింది. తరవాతి విషయానికి వెళ్ళిపోయాం.

ప్రసవం పేజీలు మాత్రం ముచ్చటపడి చేశాను. పైన బోసినవ్వు నవ్వే పాప బొమ్మ. దాని కింద "మీ ఇంటికి వెలుగొచ్చిన వేళ" అన్న మాటలు నేను రాసినవే, నిన్ను తలుచుకునే రాశాను. లోపలికి వెళ్ళగానే "మీ బిడ్డ వయసెంత?" అని అడిగే ఏర్పాటు పెట్టాను. వయసు నొక్కితే ఆ వయసుకి తగిన పాలు, నిద్ర, టీకాలు చూపిస్తుంది. అందరూ మెచ్చుకున్నారు. లింకు నీకు పంపి "నీ కోసమే చేశాను వదినా, ఇంకెవరి దగ్గరికీ సలహాలకి వెళ్ళక్కర్లేదు" అని గొప్పలు పోయాను.

తర్వాత జరిగింది నీకు తెలియనిది కాదు. నేను దాన్ని మళ్ళీ రాయను. బాబుని ఒక్కసారి ఎత్తుకుంటానని నువ్వు అడగడం, అమ్మ వద్దనడం, నువ్వు వినకపోవడం, అంతవరకే నాకు గుర్తుంది. నువ్వు వినకపోవడం మంచిదైంది.

ఇంటికొచ్చాక నీకు పాలు పడతాయని నాకూ అన్నయ్యకీ స్ఫురించలేదు. నీకు చెప్పవలసిన నర్సు ఆ రోజు హడావుడిలో చెప్పలేదు. అమ్మకి తెలుసు, కానీ ఆ మాట ఎత్తితే నువ్వెక్కడ బెంబేలెత్తుతావోనని నోరు మెదపలేదు. నువ్వు ఎవరినీ అడగలేక నేను పంపిన లింకు తెరిచావు.

ఇదంతా నాకు అన్నయ్య ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చెప్పాడు. అప్పటికి నీకు జ్వరం ఒళ్ళు కాలిపోయేంతగా వచ్చి, రొమ్ము రాయిలా గట్టిపడి, చీము పట్టి, కోసి తియ్యాల్సి వచ్చింది. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. ఒత్తకుండా పట్టి ఉంచే లోదుస్తులు, చల్లని గుడ్డ, మరీ బరువెక్కితే ఉపశమనానికి కొద్దిగా మాత్రమే పిండటం, జ్వరమొస్తే వెంటనే డాక్టరు. ఈ నాలుగు మాటలూ మా సైట్లో ఉన్నాయి వదినా. నేనే సరిచూసి పెట్టాను. టీకాల పట్టిక దాటాక, అన్నిటికన్నా కింద.

"ముందే చూసుకోవాల్సింది కదా, నీకు చెల్లి పంపింది ఉంది కదా" అని అన్నయ్య నిన్ను అడిగాడట. నువ్వన్నావట: "తెరిచానండీ. బిడ్డ వయసెంతని అడిగింది. ఏం చెప్పాలో తెలీక మూసేశాను."

ఆ మాట చెప్పి అన్నయ్య ముఖం తిప్పుకున్నాడు. నన్నేమీ అనలేదు. ఆ ఏర్పాటు పెట్టింది నేనేనని వాడికి తెలియదు, సైట్లు వాటంతటవే అలా అడుగుతాయనుకున్నాడు. "అది నేనేరా అన్నయ్యా" అని అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు. నీకు రాయడమే మొదలు.

వార్డులోకి వస్తే నువ్వు నన్ను చూసి లేచి కూర్చోబోయావు. "నీ సైట్ బావుందే పిచ్చుకా, నాకే సరిగ్గా వెతకడం రాలేదు" అన్నావు. మా వృత్తిలో ఈ సంగతి అందరికీ తెలుసు. వెతికింది దొరకనప్పుడు జనం సైట్‌ని తిట్టరు, తమకి చేతకాలేదనుకుంటారు. దెబ్బ తగిలింది నీకు, సర్దిచెప్పిందీ నువ్వే. నేను నీళ్ళ సీసా నింపుకొస్తానని బయటికి వెళ్ళి చాలాసేపటిదాకా రాలేదు. నీళ్ళకి అంతసేపు పట్టదని నువ్వు అనుకునే ఉంటావు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా, చేసింది చెబుతాను. పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి ఆ పేజీని ప్రసవంలోంచి తీసి వేరుగా పెడతానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "ప్రసూతి విభాగంలో జరిగింది ప్రసూతి విభాగంలోనే ఉండాలమ్మా. రేపు ప్రతివాళ్ళూ మాకో వేరే గది కావాలంటారు. అప్పుడు నీ వర్గాలేం కావాలి?" అంది.

"అవి మీరు పనులు పంచుకోవడానికి పెట్టుకున్న విభాగాలండీ. ఆ తల్లి ఏ విభాగంలోనూ లేదు, ఇంట్లో తలుపేసుకుని ఉంది" అన్నాను. గొంతు లేచింది. పక్క గదిలోవాళ్ళు తొంగిచూశారు. అప్పుడు నీ సంగతి చెప్పాను, ఎవరన్నది చెప్పకుండా. అడక్కుండా నీ గురించి ఒక పరాయి మనిషి దగ్గర మాట్లాడాను, అదొక తప్పు, దాన్నీ ఇందులో కలుపుకో. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "వార్డులోనూ అంతేనమ్మా. చుట్టూ మంచాల్లో పిల్లలు ఏడుస్తుంటే మధ్య మంచంలో ఆ తల్లిని పడుకోబెడతాం. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, అలవాటైపోయింది" అంది. "చెయ్యి. ఎవరైనా అడిగితే నేను చెప్పానను" అంది చివరికి.

అప్పుడు నేను ఎప్పుడో చెయ్యాల్సిన పని చేశాను. జనం సెర్చ్‌లో ఏం కొట్టి వెతుకుతున్నారో మాకు కనిపిస్తుంది, ఎవరు కొట్టారన్నది తెలియదు. వాటిని కూర్చుని చదివాను. మేం పెట్టిన పేర్లు ఒక్కరూ కొట్టలేదు. "బాబు పోయాడు పాలు వస్తున్నాయి." "పాలు ఆపాలంటే ఏం చెయ్యాలి." "భార్య మాట్లాడటం లేదు." ఒకరైతే "ఎవరికైనా చెప్పొచ్చా" అని మాత్రం కొట్టారు. ఏమిటో, ఎవరికో లేదు. వీటన్నిటికీ మా సైట్ ఏమీ దొరకలేదని చూపించి, కింద పసిపిల్లల బట్టల అంగడి ప్రకటన వేసింది. ఎన్నాళ్ళనుంచో అవి అక్కడే ఉన్నాయి. నేను పైన బొమ్మ రంగు నప్పిందా లేదా అని చూసుకుంటున్నాను.

ఇప్పుడది వేరే చోట ఉంది. మొదటి పేజీలోనే దానికి నేరుగా దారి ఉంది. ప్రసవం పేజీలోంచీ ఉంది, ఫోన్ నంబర్ల దగ్గరినుంచీ ఉంది, సెర్చ్‌లో ఆ మాటల్లో ఏది కొట్టినా అక్కడికే వెళ్తుంది. అల్మారాలో ఒక వస్తువు ఒకే అరలో ఉంటుంది. సైట్లో ఆ ఇబ్బంది లేదు. ఒకే పేజీకి ఎన్ని వాకిళ్ళైనా పెట్టొచ్చు. ఇది మా పనిలో కొత్తవాళ్ళకి నేర్పే మొదటి పాఠం, నేను దాన్ని అట్టముక్కల దగ్గర మరిచాను. బొమ్మలు లేవు, ప్రకటనలు లేవు. లోపలికి రావడానికి ఏ ప్రశ్నా అడగదు. పేరు దగ్గర చాలా గొడవైంది. ఆఫీసువాళ్ళు "శిశు వియోగ సహాయ విభాగం" అన్నారు. అలా ఎవరు వెతుకుతారండీ అన్నాను. చివరికి "మా బిడ్డ దక్కలేదు" అనే పెట్టాం. మొదటి వాక్యం పాల గురించి. తరవాతి వాక్యం, ఫోన్ ఎత్తే నర్సమ్మ నంబరు. నంబరు పెట్టిన వారంలోనే ఎవరో చేశారట. చాలాసేపు మాట్లాడకుండా ఉండి పెట్టేశారట, మర్నాడు మళ్ళీ చేసి మాట్లాడారట. నర్సమ్మ అంతకంటే ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పెద్ద డాక్టరమ్మ వార్డు చివర సామాన్ల గది ఖాళీ చేయించి ఒక మంచం వేయించింది. తలుపు మూసుకునే గది. ఇది నీవల్ల జరిగింది. అయినా నీకిది సంతోషం కలిగించాలని నేననుకోవడం లేదు. నీకు జరగకుండా ఉంటే చాలు, ఆ గదిలో ఎన్ని సామాన్లైనా ఉండనీ.

క్షమించమని అడగను. అడిగితే వెంటనే క్షమిస్తావు, అది నీ అలవాటు. కొంచెం కోపం తెచ్చుకో. నామీద కోపంగా ఉన్నావని అన్నయ్యతో చెప్పు. నేనేం చేశానో వాడికీ చెప్పు, లేదా నన్నే చెప్పమను.

అమ్మ నీకు ఆశీస్సులు చెప్పమంది. నా నమస్కారాలు.

ఇట్లు,
నీ ఆడపడుచు
పిచ్చుక

తా.క.: కవరు అతికించబోయి ఉత్తరం మళ్ళీ విప్పాను. పైన రాసిందంతా నిజమే, కానీ నేను మీ ఇంటికి రాకపోవడానికి కారణం అది కాదు. సిగ్గుతోనే అయితే ఎలాగో వచ్చి నీ ముందు ఏడ్చేదాన్ని. నాకు ఇప్పుడు ఆరో నెల వదినా. నువ్వు జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నప్పటికే కడుపులో ఉందట, నాకు ఆ తర్వాత తెలిసింది. అమ్మకి తెలుసు, అన్నయ్యకి తెలుసు, మీ ఇంటికొచ్చే పాలవాడిక్కూడా తెలుసేమో. నీకొక్కదానికే తెలియదు. "వదినకి ఇప్పుడే చెప్పొద్దు" అని మొదట అన్నది నేనే, వాళ్ళంతా సరే అన్నారు. నీకేది కనబడాలో ఏది కనబడకూడదో నీ బదులు నేను తేల్చడం ఇది రెండోసారి. మొదటిసారి చేసిందానికి ఇన్ని పేజీలు ఏడ్చాను, రెండోది దాచుకుని నిన్నటిదాకా బాగానే ఉన్నాను. నువ్వు ఏడిస్తే ఏడువు, నా ముఖం చూడనంటే చూడొద్దు, అది నీ ఇష్టం. అసలు తెలియకుండా ఉండటం మాత్రం నీ ఇష్టం కాదు, అది మేం నీకు చేసింది. వచ్చే ఆదివారం మీ ఇంటికొస్తాను. వద్దనుకుంటే అన్నయ్యతో ఒక్క మాట చెప్పించు, ఆగిపోతాను, నొచ్చుకోను. "పోనీ వెళ్ళేటప్పుడు కడుపు తెలియకుండా వదులు బట్టలు వేసుకో" అంటోంది అమ్మ. నేను వేసుకోను.